చేతికి తెలియని వేడి

ఆ ఉదయం పరీక్షకుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. బావమరిది కొత్తగా పెట్టిన ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళ్ళాలి. అక్కడున్న మైనపు తొట్టిని తనిఖీ చేసి, వేడి కొలిచి, అంతా సవ్యంగా ఉంటే దాని నుదుట ఒక పచ్చ స్టిక్కర్ అంటించాలి. మధ్యాహ్నానికి ఇల్లు చేరి, భోంచేసి, ఒక కునుకు తీయాలి. ఒక రోజును మనిషి ఇంతకంటే తక్కువ అడగలేడు.

చికిత్స పేరుతో మనుషులను వేడి చేసే, చల్లబరిచే, సాగదీసే యంత్రాలు తమ మీద రాసి ఉన్నంతే చేస్తున్నాయా, ఇంకేమైనా చేస్తున్నాయా అని చూడటం అతని ఉద్యోగం. ఊరు మొత్తానికి ఆ పని చేసేవాడు అతనొక్కడే. అత్తవారింట్లో అతన్ని ‘పాదరసం’ అనేవారు. చురుకైనవాడని కాదు, జ్వరం వచ్చిన మనిషి కనిపిస్తే ‘ఎలా ఉంది’ అని కాకుండా ‘ఎంత ఉంది’ అని అడుగుతాడని. ఆ పేరు పెట్టింది అత్తగారు. ఆవిడ పెట్టిన పేరు పుట్టుమచ్చ లాంటిది, కడిగితే పోదు.

తొట్టి కొన్నది కూడా ముందుగా ఆవిడ కోసమే. కొంతకాలంగా ఆవిడ వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయి, రవిక గుండీ కూడా లొంగడం లేదు. కరిగిన పారఫిన్ మైనంలో చెయ్యి ముంచి తీస్తే పలచని పొర కడుతుంది. మళ్ళీ ముంచితే మరో పొర. అలా కొన్ని పొరలకు చేతికి తెల్లని తొడుగు ఏర్పడి, దాని వేడి నెమ్మదిగా కీళ్ళలోకి దిగుతుంది. వేడి తక్కువైతే ప్రయోజనం ఉండదు. ఎక్కువైతే ముసలి చర్మం కాలి ఊడివస్తుంది. ఈ రెంటి నడుమ ఉన్న సన్నని దారిని చూపించవలసినవాడు పరీక్షకుడు. పైగా ఆరోగ్య బీమా కంపెనీ గుర్తింపు లేనిదే క్లినిక్‌కు రోగులు రారు, పచ్చ స్టిక్కర్ లేనిదే ఆ గుర్తింపు రాదు. బావమరిది రెండుసార్లు గొంతు తడుపుకుని ఈ సంగతి చెప్పాడు. పరీక్షకుడు తల ఊపాడు. అత్తవారి విషయంలో అతని నాలుక మీద ఎప్పుడూ ఒక పచ్చ స్టిక్కర్ సిద్ధంగా ఉండేది.

“ఏవండీ, వింటున్నారా?” భార్య గుమ్మంలో నిలబడి అంది. “తమ్ముడు రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. మీకు మరీ మరీ చెప్పమన్నాడు.”

పరీక్షకుడు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కాలు లోపలికి దూరిన క్షణంలో బూటు తెలుస్తుంది, కాసేపటికి తెలియదు. మరి ఆ స్పర్శ ఎక్కడికి పోయినట్టు? బూటు అలాగే ఉంది, కాలూ అలాగే ఉంది. రాత్రి చదివిన తత్వం పుస్తకాలు పొద్దున్నపూట ఇలా బయటికి వస్తుండేవి.

“ఊఁ” అన్నాడు.

ఆమె చెప్పుకుపోయింది. అతడు మరికొన్ని ‘ఊఁ’లు సర్దాడు. పెళ్ళయిన మగవాడి ‘ఊఁ’ విన్నాననడానికి గుర్తు కాదు, అక్కడే ఉన్నాననడానికి గుర్తు.

“గుర్తుంచుకోండి మరి. మర్చిపోతే వాడి కొంప మునుగుతుంది” అని ఆమె ముగించింది. అతని చెవిన పడింది ఆ ఒక్క ముక్కే. అటువైపు కొంపలు తరచుగా మునిగి మళ్ళీ తేలుతుండేవి కనుక అతడు కంగారు పడలేదు.

క్లినిక్ ఒక పాత భవనం అడుగున, సగం నేలలోకి దిగి ఉంది. చికిత్స గదికి ఉన్న ఒకే ఒక కిటికీ పైకప్పుకు ఆనుకుని, బయటి వీధికి సమంగా ఉంటుంది. లోపల నిలబడి చూస్తే వీధిలో పోయేవారి పాదాలు మాత్రమే కనిపిస్తాయి, పైన మనుషులు ఉన్నారో లేదో ఊహించుకోవలసిందే. ఆ ఉదయం ముసురు పట్టింది. తడి బూట్లు, తడి చెప్పులు చప్పుడు లేకుండా అద్దం మీదుగా వస్తున్నాయి, పోతున్నాయి.

బావమరిది ముందే ఇచ్చిన తాళంచెవితో తలుపు తీసి అతడు ఒంటరిగా లోపలికి వెళ్ళాడు. అందరికంటే ముందే రావడం అతని పద్ధతి. యజమానుల ఎదుట యంత్రాలు సిగ్గుపడి అబద్ధమాడతాయని అతని అనుమానం. గదిలో ఆర్పేసిన కొవ్వొత్తి వాసన. ఒక మూల, పాఠం చెప్పడానికి తెచ్చిన ప్లాస్టిక్ అస్థిపంజరం కొక్కేనికి వేలాడుతూ, ఏదో అడగబోయి మానుకున్నట్టు దవడ కొద్దిగా తెరిచి ఉంది. గోడకు నిలువుటద్దం. దాని పక్క అలమరలో వరసగా తెల్లని చేతులు. ఎవరెవరి చేతుల మీదనుంచో ఊడదీసిన మైనపు తొడుగులను బావమరిది నమూనాకని అక్కడ నిలబెట్టాడు. గోళ్ళ గీతలు, చర్మం ముడతలు అన్నీ ఉన్నాయి. లోపల మనిషి మాత్రం లేడు.

పరీక్షకుడు తొట్టి మూత తీసి స్విచ్ వేశాడు. గడ్డకట్టిన మైనం తొందరగానే అంచుల దగ్గర చెమర్చి, తెలుపు వదిలి, గాజులా మారడం మొదలుపెట్టింది. అంత తొందరగా కరగకూడదు. మైనం జిగురుగా ఉందని అత్తగారు సణిగితే బావమరిది అందులో నూనె ధారాళంగా కలిపినట్టున్నాడు. ఈ మాట తర్వాత అడగాలనుకుని అతడు ఒక చేత్తో థర్మామీటర్ ప్రోబును మైనంలో ముంచి, రెండో చేత్తో కరెంటు లీకవుతోందేమో చూసే టెస్టర్ కొనను తొట్టి అంచుకు ఆనించాడు.

టప్పున పెద్ద చప్పుడైంది.

దీపం పోయింది. తొట్టి మీది అంకెలు పోయాయి. పైనున్న కిటికీలో నుంచి బూడిద రంగు వెలుతురు కొంచెం మిగిలింది. పరీక్షకుడు నేలమీది వ్యాయామపు పరుపు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు కూర్చున్నాడో అతనికి గుర్తులేదు. నొప్పి లేదు. గుండె కొట్టుకుంటున్నట్టుంది, కాని అది పాత అలవాటు కొద్దీ కూడా కావచ్చు.

చేతిలోని థర్మామీటర్ చచ్చిపోయింది. మీట నొక్కాడు, కొట్టాడు, ఊదాడు, లాభం లేదు. ఇలాంటప్పుడు అతనికి ఒక ఆఖరి సాధనం ఉంది: సొంత చెయ్యి. పరికరాలన్నీ మొరాయించినా ఆ చెయ్యి డిగ్రీ, రెండు డిగ్రీల తేడాతో వేడి చెప్పేసేది. కరెంటు ఎలాగూ లేదు కదా అని అతడు లేచి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు దాకా మైనంలో ముంచాడు.

ఏమీ తెలియలేదు.

వేడి లేదు. చలి లేదు. తడి కూడా లేదు. చెయ్యి ఎక్కడ ముగిసిందో, మైనం ఎక్కడ మొదలైందో తెలియలేదు. కళ్ళు మూసుకుంటే మణికట్టు దగ్గర చెయ్యి ఆగిపోయి, అవతల మరేమీ లేనట్టు తోచింది. భయమేసి బయటికి లాగాడు. వేళ్ళ మీద పలచని, జిడ్డు తెలుపు. సరిగ్గా అలమరలో ఉన్న చేతుల రంగు.

అతడు గబగబా అద్దం దగ్గరికి వెళ్ళాడు. అద్దంలో పైకప్పు ఉంది. అస్థిపంజరం పుర్రె ఉంది. కిటికీలో పోతున్న పాదాలు ఉన్నాయి. అతడు లేడు.

కాసేపు పరీక్షకుడు ఊపిరి పీల్చడం మరిచిపోయాడు. ఆ తర్వాత, మరిచిపోయినా ఏమీ కాలేదని గమనించి మరింత భయపడ్డాడు. బల్ల మీద వేలికి తగిలించి నాడి చూసే చిన్న యంత్రం ఉంది. తగిలించుకున్నాడు. ఎర్రని వెలుగు వచ్చింది, కాసేపు వెతికింది, రెండు అడ్డగీతలు చూపించి ఊరుకుంది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. తెర మీద భార్య పేరు వెలుగుతోంది. వేలితో తోశాడు. తెర కదలలేదు. మళ్ళీ తోశాడు. ఆ పేరు అతని వేలి కింద అలాగే వెలిగి, వెలిగి, ఆరిపోయింది. ఆ ఫోన్‌కు అతని వేలు ఇక ఎవరిదో.

పరీక్షకుడు స్టూలు మీద కూర్చుని, తన వృత్తికి తగ్గట్టుగా, ఉన్న ఆధారాలను ఒక వరసలో పెట్టుకున్నాడు. విద్యుత్తు తగిలింది. స్పర్శ లేదు. ప్రతిబింబం లేదు. నాడి లేదు. ఇవే లక్షణాలు ఒక యంత్రంలో కనిపిస్తే అతడు ఏ స్టిక్కర్ అంటించేవాడో అతనికి బాగా తెలుసు.

అప్పుడు, ఎవరూ ఏ స్విచ్చూ వేయకుండానే గదిలో దీపం వెలిగింది. తొట్టి మీద యాభై నాలుగు అని ఆకుపచ్చ అంకెలు మెరిశాయి. ముందు గదిలో తలుపు చప్పుడైంది. బావమరిది భార్య తుడిచే గుడ్డతో లోపలికి వచ్చింది. నోరు తెరిస్తే ‘అన్నయ్యగారూ’ అని నాలుగు జోకులు వేయకుండా ఉండలేని మనిషి.

“అమ్మా, వచ్చావా! నాకేదో అయిందమ్మా” అన్నాడు అతడు.

ఆమె కొద్దిగా తడబడింది. తర్వాత చూపును అతని భుజం మీదుగా గోడ మీదికి పంపించి, అతడు కూర్చున్న స్టూలు చుట్టూ జాగ్రత్తగా తుడిచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే బావమరిది వచ్చాడు.

“ఏమోయ్! ఇటు చూడు!” పరీక్షకుడు లేచి నిలబడ్డాడు. “నేను కనిపిస్తున్నానా?”

బావమరిది మెడ నరం ఒకటి కదిలింది. అతడు అస్థిపంజరాన్ని సవరించాడు, తువ్వాళ్ళు మడత పెట్టాడు, ముందు గదిలోకి తిరిగి గట్టిగా అన్నాడు: “లోపల మావాళ్ళు ఎవరూ లేరండీ! మీరు రావచ్చు!”

లోపలికి వచ్చింది ఒక పొడవాటి సన్నటి మనిషి. నల్లని వానకోటు, చేతిలో మూసిన నల్లని గొడుగు, చంకలో ఒక అట్ట ఫైలు. అతని గొడుగు నుంచి నీళ్ళు చప్పుడు లేకుండా కారుతున్నాయి. ఆ గదిలోకి వచ్చినవారిలో పరీక్షకుడి కళ్ళలోకి సూటిగా చూసినవాడు అతనొక్కడే.

“మీరేనా?” అన్నాడు మెల్లగా.

“నేనే” అన్నాడు పరీక్షకుడు.

“మీ కోసమే వచ్చాను. కంగారు పడకండి, కొత్తలో అందరూ కంగారు పడతారు. మీ పని మీరు చూసుకోండి. అయిందనిపిస్తే చెప్పండి, బయల్దేరదాం. నాకింకా చాలాచోట్లకి వెళ్ళాలి.”

“రోజూ... ఇదే పనా మీకు?”

“రోజూ ఇదే. సెలవులు కూడా తక్కువ.” ఆ మనిషి మూలనున్న కుర్చీలో, సరిగ్గా అస్థిపంజరం పక్కన, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. “ఒక్క మాట అడగాలి. ఇక్కడివాళ్ళతో మీకేమైనా సంబంధం ఉందా?”

పరీక్షకుడు మళ్ళీ గుమ్మంలోకి వచ్చి తుడిచే గుడ్డ పిండుతున్న ఆమె వైపు చూశాడు. తువ్వాళ్ళను మళ్ళీ మొదటినుంచి మడత పెడుతున్న బావమరిది వైపు చూశాడు. ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని ఆసుపత్రి వరండాలలో పక్కపక్కన నిలబడిన మనుషులు.

“ఇప్పుడు లేదు” అన్నాడు.

“మంచిది” అన్నాడు ఆ మనిషి సంతృప్తిగా. “అలా తెంచుకున్నవాళ్ళతోనే నాకు పని సులువు.”

“బాధగా ఉంటుందా?”

“దేనికి? ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళకి ఏ బాధా ఉండదండీ. మొహమాటానికి పోయి అబద్ధాలు చెప్పినవాళ్ళే తర్వాత ఇబ్బంది పడతారు. అన్నీ బయటపడతాయి కదా.”

పరీక్షకుడు తలవంచుకున్నాడు. అత్తవారింట తను ‘బాగుంది’ అన్నవన్నీ వరసకట్టి కళ్ళ ముందు నడిచాయి. ఆ ఊరేగింపు పూర్తికాకముందే తలుపు దగ్గర చేతికర్ర చప్పుడైంది.

అత్తగారు వచ్చింది. ఆవిడ గదిని ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరికించింది. పరీక్షకుడు ఉన్న చోట మాత్రం ఆ చూపు గతుకు తప్పించినట్టు పక్కకు జరిగింది. కొడుకు ఆవిడను తొట్టి ముందున్న కుర్చీలో కూర్చోబెట్టాడు.

“వేడి సరిగ్గా ఉందంట్రా అబ్బాయ్?”

“చూడమ్మా, యాభై నాలుగు చూపిస్తోంది. చెయ్యి శుభ్రంగా కడుక్కున్నావుగా? వేళ్ళు దూరంగా పెట్టి ముంచు.”

పరీక్షకుడి ఒళ్ళు, ఉన్నదో లేదో తెలియని ఆ ఒళ్ళు, జలదరించింది. ఆ అంకెలు తొట్టిలో ఉన్న వేడిని చెప్పవు, ఉండవలసిన వేడిని చెబుతాయి. లోపల నిజంగా ఎంత ఉందో చెప్పవలసిన థర్మామీటర్ పోయింది, చెయ్యి పోయింది. అది డెబ్భై ఉండవచ్చు, ఎనభై ఉండవచ్చు. పోయినవాడి చేతికి ఏం తెలుస్తుంది? ఆవిడ చేతికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

“అత్తయ్యగారూ, ఆగండి! చెయ్యి పెట్టకండి!”

ఆవిడ చెవి దగ్గర దోమను తోలినట్టు చెయ్యి ఊపి, గాజులు పైకి లాక్కుంది. కీళ్ళు ఉబ్బిన ఆ వేళ్ళు మైనం మీదికి వస్తున్నాయి. పరీక్షకుడు వంగి గోడలోని ప్లగ్ పట్టి లాగాడు. అది ఊడివచ్చింది. పోయినవాడి చేతికి ప్లగ్ ఎలా వచ్చిందన్న ప్రశ్న అతనికి తట్టలేదు. రావలసిన వేళ ప్రశ్న రాకపోవడం తత్వం చదివినవాళ్ళకు మామూలే. పైగా ప్లగ్ తీసినంత మాత్రాన మైనం చల్లారదు. ఇక వినగలవాడు గదిలో ఒక్కడే మిగిలాడు.

“అయ్యా!” అని అతడు నల్లకోటు మనిషి వైపు తిరిగి చేతులు జోడించాడు. “ఉన్నది ఉన్నట్టు చెబుతాను, రాసుకోండి. ఈ తొట్టి పనికిరాదు. ఎర్తింగ్ లేదు. మైనంలో నూనె ఎక్కువ. వేడి ఎంతో దేవుడికే తెలియాలి. దీనికి పచ్చ స్టిక్కర్ కాదు గదా, పచ్చ కాగితం చూపించినా పాపమే. కానీ నిన్నటిదాకా అయితే నేను అంటించేసేవాణ్ణి. ఎందుకంటే ఇతను నా బావమరిది, ఈవిడ మా అత్తగారు. ఈ ఇంటివాళ్ళకి కాదు అని చెప్పడం నాకు చేతకాలేదు!”

బావమరిది చేతిలోని తువ్వాలు కింద పడింది. నల్లకోటు మనిషి అట్ట తెరిచి కలం తీశాడు.

“ఆవిడ చెప్పిన మోకాలి ఆపరేషన్ కథ విన్న ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు నోరు తెరిచాను. అబద్ధం. వాళ్ళ గోడలకి వేసిన ఊదా రంగు బాగుందన్నాను. అబద్ధం. ఆవిడ అల్లి ఇచ్చిన స్వెటర్...” అతడు రెండు చేతులూ చెరో పొడవుకు చాపి చూపించాడు. “ఒక చెయ్యి మోకాలిదాకా, ఒక చెయ్యి మోచేతిదాకా! అది వేసుకుంటే నేను దారి చూపించే బోర్డులా ఉంటానండీ! అయినా వేసుకున్నాను. రెండో చెయ్యి అల్లే సమయానికి ఆవిడ వేళ్ళు బిగుసుకుపోయాయని నాకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా ఆవిడ ఆ చెయ్యిని అక్కడితో ముగించేసింది. అప్పుడే ఈ తొట్టి కొనమని వీడి వెంట పడ్డాను. ఇప్పుడదే తొట్టిలో ఆ చేతులు...”

అత్తగారి చెయ్యి మైనానికి జానెడు ఎత్తులో ఆగిపోయింది. ఆవిడ మెడ నెమ్మదిగా తిరిగింది. ఈసారి ఆ చూపు గతుకు తప్పించుకోలేదు; సూటిగా వచ్చి అతని ముఖం మీద ఆగింది.

“ఏంటయ్యా అన్నావ్? దారి చూపించే బోర్డా?”

“అత్తయ్యగారూ... నేను మీకు వినిపిస్తున్నానా?”

“వీధి చివరిదాకా వినిపిస్తున్నావ్! నిద్ర మానుకుని అల్లితే బోర్డంటావా? ఇన్నాళ్ళూ ఎంత వెచ్చగా ఉందో అని మెచ్చుకున్న నోరేనా ఇది?”

“అమ్మా!” బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. “ఆయనెవరో తెలీనట్టు ఉండమన్నాను కదే!”

“ఉన్నానుగా! ఎంతసేపు ఉండమంటావ్? మనిషి నోటికొచ్చినట్టు వాగుతుంటే?”

“తెలీనట్టు ఉండమన్నాను గానీ, ఆయన అసలు లేనట్టు ఉండమన్నానా మిమ్మల్ని?”

“మీరు మాత్రం?” అంది అతని భార్య గుడ్డ విసిరి. “కనిపిస్తున్నానా అని ఆ మనిషి మొర పెట్టుకుంటుంటే తువ్వాళ్ళు మడత పెట్టలా? అన్నయ్యగారూ, నిజం చెప్పండి, మీకు వదిన చెప్పలేదా? బీమా కంపెనీ నుంచి ఒకాయన వస్తాడు, బంధువులతో పరీక్ష చేయిస్తే ఒప్పుకోరు, అందుకని ఇవాళ ఎవరికి ఎవరం కాదు అని?”

“చెప్పింది” అన్నాడు పరీక్షకుడు. “నేను ఊఁ అన్నాను.”

అత్తగారికి ఇవేవీ అక్కర్లేదు. “కాలిపోతుందట, కాలిపోతుంది! బోర్డు ఏడుపు!” అంటూ, ఎవరూ ఆపేలోగా, చేతిని మణికట్టుదాకా మైనంలో గుచ్చేసింది. ఆవిడ ముఖం మీద కోపం మెల్లగా కరిగి, దాని స్థానంలో మరేదో వచ్చింది.

“ఇదేంట్రా?” అంది చిన్న గొంతుతో. “ఏమీ తెలీడం లేదు. చెయ్యి పెట్టినట్టే లేదు.”

పరీక్షకుడు ఆవిడ వైపు ఒక అడుగు వేశాడు. “అత్తయ్యగారూ! మీరు కూడా పోయారా?”

“నోర్ముయ్!” అంది ఆవిడ. అంత ప్రాణం ఉన్న ఆ మాట విన్నాక అతనికి మొదటిసారి అనుమానం వచ్చింది.

అతడు వంగి తొట్టి అడుగు చూశాడు. వేడి చేసే కాయిల్ మధ్యలో తెగి, మసిబారి ఉంది. చప్పుడు అక్కడిది; థర్మామీటర్‌ను చంపిందీ, అతన్ని పరుపు మీద కూలేసిందీ అదే. స్విచ్ వేసినప్పటినుంచి మైనం వేడెక్కుతూ, వేడెక్కుతూ, సరిగ్గా మనిషి చేతికి ఉండే వేడి దగ్గరకు వచ్చేసరికి కాయిల్ తెగింది. నూనె ఎక్కువ కావడంతో ఆ కొద్ది వేడికే అది కరిగి నిలిచింది. చేతికి తెలిసేది వేడి కాదు, తనకూ అవతలి వస్తువుకూ ఉన్న తేడా. తేడా లేనిచోట చెయ్యి తనను తాను కూడా కనుక్కోలేదు. మిగిలినవన్నీ చిన్న సంగతులు. అద్దం మర ఊడి పైకి తిరిగి ఉంది. వేలి మీది మైనపు పొరను నాడి యంత్రమూ, ఫోనూ దాటలేకపోయాయి. దీపం వెలిగించింది, గుమ్మం పక్కన పడిపోయిన మెయిన్ స్విచ్‌ను పైకి లేపిన బావమరిది. పరీక్షకుడు ఇవన్నీ ఒక్కొక్కటే విప్పి చెప్పుకుని, జిడ్డు చేతిని గడ్డానికి ఆనించుకుని, అక్కడ పొద్దున గీయడం మరిచిన వెంట్రుకలు గుచ్చుకుంటే చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

“ముగిసిందా?” అన్నాడు మూలనుంచి నల్లకోటు మనిషి. అప్పుడు అందరికీ అతను గుర్తొచ్చాడు.

“సార్” అన్నాడు బావమరిది, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. “అంటే... ఆయన మాకు... మా అక్క భర్త.”

“విన్నాను. స్వెటర్‌తో సహా.” బీమా పరిశీలకుడు కలం మూత పెట్టాడు. “మా నియమం ఏమిటంటే, బంధువు ఇచ్చిన ఆమోదం చెల్లదు. బంధువు ఇచ్చిన తిరస్కారం చెల్లదని మాత్రం ఎక్కడా లేదు. ఎవరికీ ఆ అవసరం రాలేదు. కాబట్టి తొట్టి పనికిరాదన్నది చెల్లుతుంది. కాయిల్ మార్పించండి, ఎర్తింగ్ వేయించండి, మంచి మైనం పొయ్యండి. మళ్ళీ వస్తాను. ఈసారి బంధువు కానివాళ్ళతో పరీక్ష చేయించండి.”

“ఊళ్ళో ఈయనొక్కరేనండీ” అంది బావమరిది భార్య నీరసంగా.

పరిశీలకుడు చేతి గడియారం చూసుకున్నాడు. అతడూ ఇంటికి పోయి భోంచేయవలసిన మనిషే. “రాకపోకలు, మాటామంతీ లేని చుట్టరికాన్ని మేం చుట్టరికంగా లెక్కపెట్టం. ఆ రోజుదాకా మీరు ఈయనతో మాట్లాడకుండా ఉండగలరా?”

“అది నాకు వదిలెయ్యండి” అంది అత్తగారు, మైనం కారుతున్న చెయ్యి ఎత్తి.

ఆవిడ మాట నిలబెట్టుకుంది. కొత్త కాయిల్ వచ్చేదాకా, వచ్చాక కూడా, ఆ ఇంటినుంచి పరీక్షకుడికి ఒక్క పలకరింపు లేదు. అది మొదటి రోజు నటన లాంటిది కాదు, అసలు సరుకు. ఆ మౌనం గోడలు దాటి వచ్చి తన ఇంట్లో తన పక్కన కూర్చుంటోందని అతనికి అనిపించేది. “అమ్మకి మనసు బాగా కాలిందండీ” అనేది భార్య. అతడు ఈసారి ‘ఊఁ’ అనలేదు, వింటూ కూర్చునేవాడు.

రెండోసారి పరీక్ష నాడు కూడా ముసురే. కిటికీలో తడి పాదాలు పోతూనే ఉన్నాయి. పరిశీలకుడు అదే మూల, అదే అస్థిపంజరం పక్కన కూర్చున్నాడు. అత్తగారు తొట్టి ముందు కుర్చీ వేసుకుని, ముఖం మాత్రం గోడ వైపు తిప్పుకుంది. పరీక్షకుడు ఎర్తింగ్ చూశాడు, లీకేజీ చూశాడు, కొత్త థర్మామీటర్ ముంచాడు. లోపలి వేడీ, బయటి అంకెలూ ఒకే మాట చెప్పాయి. అక్కడితో ఆగవచ్చు. కాని అతడు గోడ వైపు తిరిగి ఉన్న ఆ తెల్లని కొప్పును, ఒడిలో సిద్ధంగా ఉన్న ఉబ్బిన వేళ్ళను చూశాడు. చొక్కా చెయ్యి మడిచి, కళ్ళు మూసుకుని, తన చేతిని ముందుగా ముంచాడు.

“హబ్బా!” అన్నాడు.

ప్రతి వేలూ తన అంచుతో సహా తెలిసింది. ఇక్కడిదాకా నేను, అక్కడినుంచి మైనం.

అత్తగారి మెడ ఒక్క పిసరు కదిలి ఆగింది. “కాలిందేమో అడగండి” అంది గోడతో.

“చురుక్కుమంది గానీ, ఓర్చుకోవచ్చని చెప్పండి” అన్నాడు పరీక్షకుడు అస్థిపంజరంతో.

“అయితే బతికే ఉన్నాడు” అని ఆవిడ గోడకు తెలియజేసి, చెయ్యి ముంచింది.